చియాంగ్ మైలో ఏనుగుల్ని చూడబోతున్నారా? ఎక్కకుండా, స్నానం చేయించకుండా చూసి రావడం ఇలా

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై పాతపట్నంలో ఏ సందులోకి వెళ్లినా ఒక ట్రావెల్ కౌంటర్ కనిపిస్తుంది. దాని ముందు ఏనుగుల బ్రోచర్లు దొంతరగా పేర్చి ఉంటాయి. ఒకప్పుడు వాటి మీద అంబారీ బొమ్మ ఉండేది. ఇప్పుడు చాలావాటి మీద ‘శాంక్చురీ’, ‘రెస్క్యూ’, ‘ఎథికల్’ అని రాసి ఉంటుంది. ఈ మాటలు వాడుకోవాలంటే థాయ్‌లాండ్‌లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిన్నటిదాకా స్వారీ తిప్పిన క్యాంపు కూడా బోర్డు మార్చుకుని ఇవాళ శాంక్చురీ అయిపోవచ్చు. అందుకని పేరు చూసి టికెట్ కొనొద్దు. ఏం చూసి ఎంచుకోవాలో, బుక్ చేసే ముందు ఏం అడగాలో, వెళ్లాక ఎలా మసలుకోవాలో కింద చెప్తున్నాం.

ముందు ఈ ఏనుగులు ఎక్కణ్నుంచి వచ్చాయో తెలియాలి. థాయ్‌లాండ్‌లో మచ్చికైన ఏనుగులు తరతరాలుగా అడవుల్లో దుంగలు లాగాయి. 1989లో ప్రభుత్వం సహజ అడవుల్లో కలప కొట్టడాన్ని నిషేధించింది. దాంతో ఏనుగుకూ మావటికీ ఒకేసారి పని పోయింది. పెద్ద ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది, వంద లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. ఆ ఖర్చు పర్యాటకుల మీద పడింది. చట్టం చూస్తే, పెంపుడు ఏనుగు ఇప్పటికీ 1939 నాటి పశువుల చట్టం కిందే ఉంది. ఎద్దు, గుర్రంలాగే అది కూడా యజమాని ఆస్తి. ‘అన్నిటినీ అడవిలో వదిలేస్తే పోలా’ అని చాలామంది అంటారు. వదలడానికి అంత అడవి ఏదీ? వదిలినవి చేలల్లో పడితే ఏమవుతుందో పలమనేరు, కుప్పం వైపు రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి ఈ ఏనుగులు ఇంకా చాలా ఏళ్లు మనుషుల మధ్యే బతకాలి. మీ టికెట్ డబ్బు వాటిని ఎలా బతకనిస్తుందన్నది మాత్రం మీ చేతిలో ఉంది.

ఏది ఎందుకు కూడదు

స్వారీ సంగతి చాలామందికి తెలుసు గానీ, కారణం తెలిసినవాళ్లు తక్కువ. ఏనుగు వెన్నుపూసల మీద ఎముక కొనలు నిటారుగా పైకి లేచి ఉంటాయి. పైన తోలే తప్ప మెత్తగా కండ ఉండదు. వీపు నడిమధ్యన చెక్క కుర్చీ కట్టి, ఇద్దరు ముగ్గుర్ని ఎక్కించి రోజంతా తిప్పితే ఆ బరువంతా ఆ కొనల మీదే పడుతుంది. ఫెచ్చబురి ప్రాంతంలోని వైల్డ్‌లైఫ్ ఫ్రెండ్స్ ఫౌండేషన్ 2023లో పై లిన్ అనే ముసలి ఆడ ఏనుగు ఫోటో బయటపెట్టింది. పాతికేళ్లపాటు, ఒక్కోసారి ఆరుగురిని మోసిన ఆ వీపు నడుమ కుంగిపోయి కనిపిస్తుంది. ఆ ఒక్క ఫోటో చూస్తే స్వారీ గురించి ఇంక వాదించడానికి ఏమీ మిగలదు.

బొమ్మలు గీయడం, ఫుట్‌బాల్ ఆడటం, రెండు కాళ్ల మీద నిలబడటం కూడా అంతే. వీటిలో ఏదీ ఏనుగు తనంతట తాను చేసే పని కాదు. గున్నగా ఉన్నప్పుడే తల్లి నుంచి విడదీసి, ఇరుకు చట్రంలో కట్టి లొంగదీసే పద్ధతిని అక్కడ ‘ఫజాన్’ అంటారు. అంకుశం అంటే భయం అక్కడే పుడుతుంది.

ఇప్పుడు జనాన్ని ఎక్కువగా మోసం చేస్తున్నది స్నానం. ‘మా దగ్గర స్వారీ లేదు, మీరే బురద రాసి ఏటిలో స్నానం చేయించవచ్చు’ అంటారు. వినడానికి ముద్దుగానే ఉంటుంది. కానీ లెక్క వేసి చూడండి. పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి. చలి రోజైనా, ఒంట్లో బాగా లేకపోయినా ఆ ఏనుగు మూడుసార్లు నీళ్లలోకి దిగాల్సిందే. ఒంటి మీద అది తనకు తాను చల్లుకునే మట్టి ఎండకీ ఈగలకీ కవచంలా పనిచేస్తుంది. దాన్ని మనం పూటపూటకీ కడిగేస్తాం. అదీగాక, ముక్కూమొహం తెలియని పదిహేను మంది కాళ్ల చుట్టూ తిరుగుతుంటే కదలకుండా పడుకునే ఏనుగు అంటే, అంతగా లొంగదీసిన ఏనుగు అని అర్థం. ఆ లొంగుబాటుకూ ఒక హద్దుంది. 2025 జనవరిలో కో యావ్ దీవిలో ఏనుగుకు స్నానం చేయిస్తున్న స్పెయిన్ విద్యార్థిని ఒకామె దాని దాడిలో చనిపోయింది. నీళ్లలో జారే రాళ్ల మీద నిలబడి, మూడు టన్నుల జంతువు నుంచి పక్కకు తప్పుకోవడం ఎవరి వల్లా కాదు.

చేత్తో తినిపించడం వీటికీ మంచి పద్ధతికీ నడుమ ఉంటుంది. కంచె ఇవతల నుంచి, ఒక పూట, కొద్దిమందే పెడితే పెద్ద ఇబ్బంది లేదు. అదే పొద్దున్నుంచీ బుట్టలు అమ్ముతూ పెట్టిస్తుంటే ఏనుగు మనిషి కనపడగానే చెయ్యి వెతకడం నేర్చుకుంటుంది. దొరక్కపోతే నెడుతుంది. మా లెక్కలో అసలు ముట్టుకోనివ్వకుండా దూరం నుంచే చూపించే చోటికి మొదటి మార్కు.

గడియారం ఎవరిదో చూడండి

వెబ్‌సైట్ తెరవగానే రోజు కార్యక్రమం వెతకండి. ‘10:00 తినిపించడం, 10:45 బురద స్నానం, 11:30 ఏట్లో స్నానం, 12:00 ఫోటోలు’ అని నిమిషాలతో సహా ఉంటే, అక్కడ ఏనుగు మీ గడియారం ప్రకారం నడుస్తోంది. ‘పొద్దున అడవి దారిలో నడక, ఏనుగులు ఎటు వెళ్తే అటు దూరం నుంచి చూడటం, మధ్యాహ్నం భోజనం’ అని కాస్త వదులుగా ఉంటే మీరు ఏనుగు గడియారం ప్రకారం నడుస్తారు. అరపూటలో ఏనుగులు, జిప్‌లైన్, వెదురు తెప్ప అన్నీ కలిపిన ప్యాకేజీలను అక్కడికక్కడే పక్కన పెట్టేయొచ్చు.

తర్వాత ఫోటోలు. కేంద్రం పెట్టినవి వదిలేసి, సందర్శకులు గత ఆరు నెలల్లో పెట్టినవే చూడండి. మావటి చేతిలో అంకుశం ఉందా, ఏనుగు చెవి పక్కన అతని పిడికిలి బిగించి ఉందా అని గమనించండి. పిడికిట్లో చిన్న మేకు దాచుకునేవాళ్లున్నారు. వెనక కాంక్రీటు నేలా గొలుసులూ కనిపిస్తున్నాయా? ప్రతి ఫోటోలోనూ గున్న ఏనుగు ఉందా? ఏనుగు ఈనడానికి 18 నుంచి 22 నెలలు పడుతుంది, అదీ కొన్నేళ్లకోసారి. ఎప్పుడు చూసినా కొత్త గున్నలతో కళకళలాడే ‘రెస్క్యూ’ కేంద్రం వాటిని కొనుక్కొస్తూనన్నా ఉండాలి, జనాన్ని రప్పించడానికి పుట్టిస్తూనన్నా ఉండాలి. రివ్యూల్లో ఐదు నక్షత్రాలవి చదివి లాభం లేదు. ఒకటి, రెండు నక్షత్రాలవి చదవండి. ‘ఏనుగుల్ని ముట్టుకోనివ్వలేదు, డబ్బు దండగ’ అని ఎవరైనా తిట్టి ఉంటే ఆ చోటుకు అంతకన్నా మంచి కితాబు లేదు.

ఆపైన ఒక ఈమెయిల్ రాయండి. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చాలు. అడగాల్సినవి ఇవి:

1. ఏనుగులు ఎన్ని, రోజుకు సందర్శకులు ఎంతమంది, ఎన్ని బ్యాచ్‌లు?
2. సందర్శకులు నీళ్లలోకి దిగుతారా? ఏనుగును ముట్టుకుంటారా?
3. రాత్రిపూట ఏనుగులు ఎక్కడ ఉంటాయి? గొలుసు వేస్తారా? ఎంత పొడవు?
4. మగ ఏనుగుకు మదం వచ్చినప్పుడు ఏం చేస్తారు?
5. పశువైద్యుడు ఎవరు, ఎంత దూరంలో ఉంటారు?
6. గున్నలు ఉంటే ఎక్కడ పుట్టాయి?

మూడో ప్రశ్నకు ‘మా దగ్గర గొలుసే లేదు’ అన్న జవాబే మంచిదని అనుకోకండి. చుట్టూ ఊళ్లూ పొలాలూ ఉన్నచోట రాత్రి కంచె లేకుండా వదిలేస్తే అవి అరటి తోటల్లో పడతాయి. మేతా నీళ్లూ అందేలా పొడవాటి గొలుసు వేసి, ఎందుకు వేస్తున్నామో దాచకుండా చెప్పేవాళ్లు నిజాయితీపరులు. ఏనుగు అటూ ఇటూ తిరగలేనంత పొట్టిగా, రెండు కాళ్లకూ వేసి పగలంతా ఉంచితే తప్పు. మదం విషయం కూడా అంతే. మదం కారుతున్న మగ ఏనుగును కొన్ని వారాలు విడిగా ఉంచక తప్పదు. దానికి బలమైన దొడ్డి కట్టారా, చెట్టుకు కట్టి వదిలేస్తారా అన్నది జవాబులో తెలిసిపోతుంది. అసలు జవాబే రాకపోయినా, వచ్చింది డిస్కౌంట్ కూపన్ అయినా ఆ చోటు వదిలేయండి.

ఎక్కడికి వెళ్లవచ్చు

చియాంగ్ మైకి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, మే తేంగ్ లోయలో ఎలిఫెంట్ నేచర్ పార్క్ ఉంది. దీన్ని స్థాపించినావిడ పేరు సెంగ్‌దుయన్ చైలెర్ట్. అందరూ ‘లెక్’ అని పిలుస్తారు. వందకు పైగా ఏనుగులున్న పెద్ద కేంద్రం ఇది. గుడ్డివి, కాళ్లు విరిగినవి, దుంగల పనిలో నడుము పడిపోయినవి చాలా ఉన్నాయి. ఇక్కడ స్నానం చేయించడం మానేసి చాలాకాలమైంది. ఒక మాట ముందే చెప్పాలి. వందల కుక్కల్ని కూడా ఇక్కడ కాపాడి పెంచుతున్నారు, కుక్కలంటే భయమున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి. ఏటి ఒడ్డున ఉన్న చోటు కాబట్టి వానాకాలంలో ప్రమాదమూ ఉంది. 2024 అక్టోబర్ వరదలో ఏనుగులన్నిటినీ గుట్టల మీదికి తోలాల్సి వచ్చింది, రెండు మునిగిపోయాయి.

జనం తక్కువ ఉండాలనుకుంటే చాంగ్‌చిల్ చూడండి. ఒకప్పుడు స్వారీ, స్నానం నడిపిన క్యాంపే, వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ సంస్థ సాయంతో దూరం నుంచి చూపించే పద్ధతికి మారింది. ఏనుగులు కొన్నే, నడక ఎక్కువ. బ్యాంకాక్ నుంచి ఉత్తరానికి వెళ్లే వ్యవధి లేనివాళ్లకు పైన చెప్పిన వైల్డ్‌లైఫ్ ఫ్రెండ్స్ ఫౌండేషన్ ఫెచ్చబురి కేంద్రం ఉంది. అక్కడ ఏనుగులతోపాటు కోతులు, ఎలుగుబంట్లు వంటి కాపాడిన జంతువులనూ చూడవచ్చు. ఫుకెట్‌లోనే ఉండేవాళ్లకు ఫుకెట్ ఎలిఫెంట్ శాంక్చురీ. ఇలాంటి పేర్లే ఉన్న క్యాంపులు అదే ఊళ్లో ఇంకా ఉన్నాయి కాబట్టి పూర్తి పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి.

పద్ధతులు మారుతుంటాయి, యజమానులూ మారుతుంటారు. ఈ నాలుగు చోట్లకైనా పై ప్రశ్నలు వర్తిస్తాయి.

ఎప్పుడు, ఎంత, ఎలా బుక్ చేయాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యదాకా చల్లగా, పొడిగా ఉంటుంది. ఫిబ్రవరి చివర్లో పొలాలూ అడవులూ తగలబెట్టడం మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో చియాంగ్ మై గాలి ప్రపంచంలోకెల్లా చెడ్డవాటిలో ఒకటి. ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ రెండు నెలలూ పూర్తిగా మానుకోండి. మన పిల్లలకు వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి గనక ఈ పొరపాటు తెలుగు కుటుంబాలు ఎక్కువ చేస్తాయి. జూన్ నుంచి అక్టోబర్ దాకా వాన, బురద, జలగలు. పచ్చదనం మాత్రం అప్పుడే బాగుంటుంది.

మంచి కేంద్రాల్లో రోజంతా ఉండే సందర్శనకు మనిషికి 2,000 నుంచి 3,000 బాత్‌లు అవుతుంది. ఒక బాత్ రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య ఉంటుందని లెక్కేసుకోండి. వ్యాన్, గైడు, భోజనం సాధారణంగా అందులోనే కలిసి ఉంటాయి. 800 బాత్‌లకే రోజంతా అంటే, ఆ తేడా ఏనుగు మేతలోంచే పోతోందని అనుమానించండి.

బుకింగ్ కేంద్రం సొంత వెబ్‌సైట్‌లోనే చేయండి. హోటల్ కౌంటర్‌లో ఒక పేరు చెప్తే, కమీషన్ ఎక్కువిచ్చే ఇంకో చోటికి పంపడం మామూలే. ‘అది నిండిపోయింది, ఇదీ అలాంటిదే’ అంటారు. డిసెంబర్, జనవరి నెలలకైతే నెల ముందే చేసుకోండి. పికప్ ఎక్కడిదాకా వస్తుందో చదవండి. చాలావరకు పాతపట్నం కందకం చుట్టుపక్కలకే ఉచితం, ఊరి బయట రిసార్ట్‌లో దిగితే అదనంగా కట్టాలి, లేదా మీరే రావాలి. విమానం దిగిన రోజున గానీ, తిరిగి వెళ్లే రోజున గానీ పెట్టుకోకండి. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదవుతుంది.

ప్రయాణ కాగితాల్లో ఒకటి మర్చిపోవద్దు. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్‌లో దిగే విదేశీయులంతా డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపుతారు, రుసుము లేదు. డబ్బు అడిగే సైట్ ఏదైనా ప్రభుత్వానిది కాదు.

సంచిలో ఏం ఉండాలి

బట్టలు మట్టిరంగువి, ఆకుపచ్చవి, చేతులూ కాళ్లూ కప్పేవి వేసుకోండి. తళతళలాడే జరీ చున్నీలు, గాలికి ఎగిరే పైటకొంగులు, గలగలలాడే గాజులు ఆ రోజుకు గదిలో వదిలేయండి. ఏనుగుకు చూపు అంతంతమాత్రం. ఠక్కున కదిలే రంగు, అలవాటు లేని చప్పుడు దాన్ని బెదరగొడతాయి. అత్తర్లు, సువాసన స్ప్రేలు వద్దు. వెనక పట్టీ ఉన్న, జారని బూట్లు కావాలి. హవాయి చెప్పులతో వచ్చి బురదలో చెప్పు వదిలేసుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు.

టోపీ, ఒక లీటరు నీళ్ల సీసా, దోమల మందు, పలచటి రెయిన్‌కోటు, ఒక జత మారు బట్టలు పెట్టుకోండి. దోమల మందు కాళ్లకూ మెడకూ రాసుకోండి. అరచేతులకు వద్దు, మేత తయారుచేసే పని పడితే అది ఏనుగు నోట్లోకే పోతుంది. ఘాట్ రోడ్డులో కడుపు తిప్పేవాళ్లు మాత్ర వేసుకుని ఎక్కాలి. జేబులో, బ్యాగులో అరటిపండు గానీ బిస్కెట్లు గానీ ఉంచుకోవద్దు. తొండానికి ఆ వాసన మీకన్నా ముందే తెలుస్తుంది.

శాకాహారులకు ఎలిఫెంట్ నేచర్ పార్క్‌లో చింత లేదు, అక్కడ వండేదే శాకాహారం. మిగతా చోట్ల బుకింగ్ అప్పుడే చెప్పాలి. ‘మాంసం లేకుండా’ అంటే సరిపోదు, కూరల్లో ‘నామ్ ప్లా’ అనే చేపల రసం పడుతుంది. ‘జే’ అని అడగండి. జే భోజనంలో మాంసం, చేప, గుడ్డు మాత్రమే గాక ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు.

జలుబు, దగ్గు ఉంటే తేదీ మార్చుకోండి. క్షయ మనిషి నుంచి ఏనుగుకూ, ఏనుగు నుంచి మనిషికీ అంటుకుంటుంది. ఇది ఎవరినీ భయపెట్టడానికి చెప్పడం లేదు, నమోదైన విషయం.

పిల్లలు, పెద్దవాళ్లు

పిల్లలకు ముందురోజు రాత్రే చెప్పి పెట్టండి: ‘ఏనుగు మన దగ్గరికి రాదు, మనం దూరం నుంచి చూస్తాం, అరవకూడదు, పరిగెత్తకూడదు.’ అది తెలియకుండా వచ్చిన పిల్లలు గంటలోనే విసిగిపోతారు. చౌకరకం బైనాక్యులర్ ఒకటి చేతికిస్తే ఆ గంట మూడు గంటలవుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తుంటే ఎంత దూరం నడవాలో, ఎక్కుడు ఉందో ముందే అడగండి. గుట్టల్లో తిప్పే చిన్న కేంద్రాలకన్నా, వంతెన మీదనుంచీ అరుగు మీదనుంచీ చూపించే పెద్ద కేంద్రాలు వాళ్లకు నయం.

ఇంకొకటి. మన గుళ్లలో ఏనుగు తొండం తలమీద పెడితే ఆశీర్వాదమని నాణెం ఇవ్వడం అలవాటు. ఇక్కడ ఆ ఆశతో తలవంచి దగ్గరికి వెళ్లకండి. అది నేర్పిన పని. నేర్పనిచోట, కిందికి వంగి దగ్గరికొచ్చే మనిషిని ఏనుగు ఎలా అర్థం చేసుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఏనుగుల ముందు

వ్యాన్ దిగగానే పదిహేను ఇరవై నిమిషాలు జాగ్రత్తలు చెప్తారు. ఆ సేపు ఫోన్ లోపల పెట్టి వినండి. ఏ ఏనుగుకు ఏ కన్ను కనిపించదు, ఏది ఏదంటే ఉలిక్కిపడుతుంది అన్నవి అక్కడే చెప్తారు, మళ్లీ చెప్పరు.

కంచె లేనిచోట గైడు వేరే చెప్పకపోతే పది పదిహేను మీటర్ల దూరం వదలకండి. ఏనుగు వెనక నిలబడొద్దు, దానికి మీరు కనిపించే పక్కనే ఉండండి. రెండు ఏనుగుల మధ్యలోకి, ముఖ్యంగా తల్లీ గున్నా మధ్యలోకి ఎప్పుడూ వెళ్లొద్దు. గున్న తనంతట తానే ఆడుకుంటూ మీవైపు వస్తే ముచ్చటపడి నిలబడిపోకండి, వెనక్కి జరగండి. దాని వెనకే పెద్దమ్మలు వస్తాయి. ఫ్లాష్ ఆపేయండి. సెల్ఫీ కోసం ఏనుగుకు వీపు తిప్పడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, వెనక ఏం కదులుతోందో మీకు తెలియదు.

ఇక చూడటం. ఇక్కడే తొందరపడకండి. చెవులు తీరిగ్గా ఊపుతూ, తోక ఆడిస్తూ, నములుతూ ఉంటే అది కులాసాగా ఉంది. చెవులు ఊపేది ఒళ్లు చల్లబరుచుకోవడానికి. చెవి వెనక నరాల్లో నెత్తురు గాలికి చల్లబడి తిరిగి ఒంట్లోకి వెళ్తుంది. నమలడం ఠక్కున ఆపి, చెవులు విసనకర్రల్లా బిగదీసి, తల ఎత్తి, తోక కర్రలా లేపిందంటే మిమ్మల్ని గమనిస్తోంది. అప్పుడు అరవకుండా, పరిగెత్తకుండా, దానివైపు చూస్తూనే వెనక్కి నడవాలి. కణతల దగ్గర నల్లగా తడి చారలు కారుతున్న మగ ఏనుగు మదంలో ఉన్నట్టు. దాని చుట్టుపక్కలకే వెళ్లనివ్వరు, వెళ్లనిస్తే మీరే ఆగిపోండి.

కొన్ని గుర్తుల్ని చూసి కంగారుపడక్కర్లేదు. తొండం మీద, చెవుల మీద గులాబీ మచ్చలు గాయాలు కావు, వయసుతోపాటు చర్మం రంగు కోల్పోతుంది. కణతలు గుంటలు పడితే ముసలితనం. చెవి అంచులు చిరిగి ఉంటే, నుదుటి మీద గుండ్రటి మచ్చలుంటే పాత అంకుశం గుర్తులు కావచ్చు. అవి ఈ చోటు చేసినవో, ఇక్కడికి రాకముందువో గైడును అడగండి. తల ఎడమకూ కుడికీ గంటలకొద్దీ ఊపుతూ ఉండటం మాత్రం చాలామందికి తికమక పెడుతుంది. ‘డాన్స్ చేస్తోంది’ అని వీడియో తీసుకుంటారు. అది ఏళ్ల తరబడి కట్టి ఉంచడం వల్ల వచ్చిన వ్యాధి లక్షణం. కాపాడి తెచ్చాక కూడా కొన్నిటికి పోదు. అందుకని ఒక ముసలి ఏనుగు ఊగుతోందని ఆ కేంద్రాన్ని తప్పుపట్టకండి. పడుచువి నాలుగైదు వరసగా కట్టేసి ఉండి అన్నీ ఊగుతుంటే అప్పుడు అనుమానించండి.

మేత పని దొరికితే అదే ఆ రోజుకల్లా మంచి పాఠం. ఏనుగుకు జీవితంలో ఆరు విడతలుగా దవడపళ్లు వస్తాయి. చివరి విడత అరిగిపోయాక గడ్డి నమలలేదు. అలాంటి ముసలివాటికి అరటిపండు, చింతపండు, ఉడికిన అన్నం వంటివి పిసికి ముద్దలు చేస్తారు. చింతపండు మలబద్ధకం రాకుండా. గుమ్మడి, పుచ్చకాయ ముక్కలు కొయ్యమంటే చెప్పిన సైజులోనే కొయ్యండి, పెద్ద ముక్క గొంతులో అడ్డం పడుతుంది. కంచె దగ్గర అందించమంటే ముక్కను తొండం కొనకు అందించి చెయ్యి వెంటనే తీసేయండి. ఆసియా ఏనుగు తొండం కొనకు ఒకే వేలుంటుంది, దాంతోనే చుట్టి పట్టుకుంటుంది. ఇస్తున్నట్టు ఊరించి వెనక్కి లాగడం పిల్లలకు సరదా. ఏనుగుకు కోపం. పళ్లు ఎక్కువైతే తీపి ఎక్కువై ఒళ్లు పెరుగుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. బుట్ట అయిపోయిందంటే అయిపోయినట్టే, ఇంకో బుట్ట కొంటామని బతిమాలకండి.

తేడా వచ్చినప్పుడు

అన్నీ చూసుకుని వెళ్లినా, అక్కడికెళ్లాక ‘రండి, నీళ్లలో దిగండి’ అనొచ్చు. నవ్వుతూ ‘మై ఆవ్, ఖోప్ ఖున్’ అనండి, ‘వద్దు, థాంక్స్’ అని. ఒడ్డున కూర్చోండి. ఇద్దరు ముగ్గురు కూర్చుంటే మిగతావాళ్లూ ఆలోచిస్తారు. డబ్బు కట్టాం గదా అని దిగకండి.

అంకుశంతో కొట్టడం కంటపడితే మావటితో గొడవకు దిగొద్దు. అతను చాలావరకు కరెన్ తెగవాడో, పొట్టకూటికి వచ్చిన పల్లెటూరివాడో అయి ఉంటాడు. ఏనుగు తనది కూడా కాకపోవచ్చు. మీరు వెళ్లాక ఆ కోపం ఏనుగు మీద పడొచ్చు. తేదీ, వేళ, ఏం జరిగిందో ఫోన్‌లో రాసుకోండి, వీలైతే ఫోటో తీయండి. గైడుకు చెప్పండి. హోటల్‌కు వచ్చాక రివ్యూలో అదంతా విశేషణాలు లేకుండా రాయండి. ‘క్రూరం, దారుణం’ అన్న రివ్యూ కన్నా ‘ఫలానా రోజు 11 గంటలకు, ఒకే ఏనుగును గంటలో మూడు బ్యాచ్‌లతో నీళ్లలోకి దింపారు’ అన్న రివ్యూ తర్వాత వచ్చేవాడికి పనికొస్తుంది. బాగున్న చోటికీ అలాగే రాయండి. ముట్టుకోనివ్వలేదని, అదే నచ్చిందని రాయండి. ఆ ఒక్క వాక్యం చూసి యజమానులు లెక్కలు మార్చుకుంటారు.

బాగా చూసుకున్న మావటికి వంద, రెండొందల బాత్‌లు ఇవ్వడం బాగుంటుంది. చేతికే ఇవ్వండి, లేదా అక్కడ డబ్బా ఉంటే అందులో వేయండి. ఫోటోకు డబ్బు ఇవ్వకండి, రేపటి నుంచి ప్రతి ఫోటోకూ ఏనుగును నిలబెడతారు.

విమానం ఎక్కే వీలు లేనివాళ్లకు

ఆగ్రా, మథుర యాత్రకు వెళ్లే తెలుగువాళ్లు దారిలోనే చూడగలిగిన చోటు ఒకటుంది. మథుర దగ్గర చుర్మురా గ్రామంలో వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ సంస్థ 2010 నుంచి ఏనుగుల సంరక్షణ కేంద్రం నడుపుతోంది. సర్కసుల నుంచి, వీధుల్లో అడుక్కోవడానికి తిప్పినవాళ్ల నుంచి, స్వారీ పనుల నుంచి తెచ్చినవి ఉన్నాయి. పక్కనే 2018లో ఏనుగుల ఆసుపత్రి కట్టారు. ముందుగా బుక్ చేసుకుని, ఇచ్చిన వేళకు వెళ్లాలి. తాజ్‌మహల్ చూసే రోజున ఇరికించకండి, దానికి విడిగా సగం రోజు కేటాయించండి.

తిరుగు ప్రయాణంలో ఒక జాగ్రత్త. చియాంగ్ మై రాత్రి సంతల్లో ఏనుగు తోక వెంట్రుకతో చుట్టిన ఉంగరాలు, దంతంతో చెక్కిన బొమ్మలు, లాకెట్లు ‘అదృష్టం’ అంటూ చూపిస్తారు. మనవైపు కూడా ఏనుగు వెంట్రుక ఉంగరం పెట్టుకుంటే దిష్టి తగలదని నమ్మేవాళ్లున్నారు గనక చెయ్యి సాగుతుంది. ఆ వెంట్రుక బతికున్న ఏనుగు తోక నుంచి పీకినదే కావచ్చు. తోక కొన బోడిదైతే పాపం అది ఈగల్ని తోలుకోలేదు. పైగా ఏనుగు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దాని దంతం, వెంట్రుక, తోలు వ్యాపారంగా సరిహద్దు దాటించకూడదు. శంషాబాద్ కస్టమ్స్‌లో బ్యాగు తెరిస్తే ‘తెలియదు’ అన్న జవాబు చెల్లదు. ఇంటికి ఏదైనా తేవాలనుకుంటే కేంద్రంలోనే అమ్మే, ఏనుగు లద్దెతో చేసిన కాగితపు నోటుపుస్తకాలు కొనండి. లద్దెలోని గడ్డి పీచుతో చేసిన ఆ కాగితం మీద పిల్లలు హాయిగా రాసుకోవచ్చు, వాసన కూడా ఉండదు.